టీకా, క్వారంటైన్ నిబంధనలు ఆటగాళ్లకు వేరుగా ఉండవచ్చునా?

అలిపిరి_కోచ్ (ప్రశ్న)
తారకరామ మైదానంలో సాయంత్రం సాధన ముగిశాక మా పిల్లల మధ్య టెన్నిస్ ఆటగాడు జొకోవిచ్ ప్రస్తావన వచ్చి పెద్ద వాదన జరిగింది. 2022 జనవరిలో టీకా వేయించుకోని అతణ్ణి ఆస్ట్రేలియా తిప్పి పంపడం సబబేనని కొందరు, కొవిడ్ వచ్చి తగ్గిన మనిషి విషయంలో అంత రచ్చ అక్కరలేదని కొందరు అన్నారు. 2021 సెప్టెంబరులో తిరుమల దర్శనానికి రెండు డోసుల ధ్రువపత్రమో, మూడు రోజుల లోపు చేయించిన పరీక్షలో నెగెటివ్ రిపోర్టో ఉండాలన్నప్పుడు, ఎంత దూరం నుంచి వచ్చినవారైనా అవి చూపించే కొండెక్కారు. ఆటగాళ్లకు మాత్రం వేరే లెక్క ఉండవచ్చునా? తెలిసినవారు చెప్పగలరు.

చిత్తూరు_వకీలు
కోచ్ గారూ, ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. జనవరి 10న కోర్టు అతని వీసాను పునరుద్ధరించింది టీకా అక్కరలేదని కాదు; తన వాదన చెప్పుకోవడానికి ఇస్తామన్న గడువు ముగియకుండానే అధికారులు దాన్ని రద్దు చేశారన్న కారణంతో. 14న ఆస్ట్రేలియా వలస వ్యవహారాల మంత్రి తన విచక్షణాధికారంతో మళ్లీ రద్దు చేసినప్పుడు, అతని వల్ల వ్యాధి వ్యాపిస్తుందన్నది ప్రధాన కారణం కాదు, అతను అక్కడ ఉంటే టీకా వ్యతిరేకులకు ఊతం దొరుకుతుందన్నదే కారణం. 16న ముగ్గురు న్యాయమూర్తులు చూసింది ఆ నిర్ణయం చట్టబద్ధమా కాదా అన్నదే గాని, మంచిదా చెడ్డదా అన్నది కాదు. ఒక మనిషి వల్ల కలిగే ప్రమాదాన్ని బట్టి కాక, అతణ్ణి చూసి పదిమంది ఏమనుకుంటారోనన్న భయంతో వెళ్లగొట్టడం నా మటుకు నాకు మింగుడుపడదు. మన సుప్రీంకోర్టు 2022 మే 2న ఇచ్చిన తీర్పులో, ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని రాజ్యాంగంలో జీవించే హక్కును, వ్యక్తిగత స్వేచ్ఛను కాపాడే 21వ అధికరణం ఆధారంగా చెబుతూనే, ప్రజారోగ్యం కోసం సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చునని కూడా అన్నది. ఆటగాళ్లకైనా ఆ కొలబద్ద చాలు.

షటిల్_నాన్న
వకీలు గారు టీకా గురించే చెప్పారు. ఆటగాళ్లను నిజంగా నలిపింది క్వారంటైన్. 2021 జనవరిలో బ్యాంకాక్‌లో మన బ్యాడ్మింటన్ ఆటగాడు శ్రీకాంత్‌కు పదేపదే ముక్కులోంచి నమూనాలు తీస్తే రక్తం కారింది. ఆ ఫోటోలను అతనే బయటపెట్టాడు. ఆ వెంటనే జరిగిన టోర్నీలో, ఒకే గదిలో ఉన్న సాయిప్రణీత్‌కు పాజిటివ్ వచ్చిందని అతణ్ణీ తప్పించారు. సిరాజ్ సంగతి ఇంకా కష్టం. 2020 నవంబరులో హైదరాబాదులో తండ్రి కన్నుమూసేనాటికి అతను జట్టుతో సిడ్నీలో క్వారంటైన్‌లో ఉన్నాడు. ఇంటికి వెళ్లవచ్చునని బోర్డు చెప్పినా ఉండిపోయాడు. తరువాత బ్రిస్బేన్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీస్తే మనం చప్పట్లు కొట్టాం, సరే. తండ్రి కడసారి చూపా, దేశం తరఫున ఆటా అని పాతికేళ్ల పిల్లవాణ్ణి తేల్చుకోమనే నిబంధనను రాసేటప్పుడు ఆటగాళ్ల ప్రతినిధి ఒక్కరైనా ఆ గదిలో ఉండాలి.

ఎస్వీయూ_పాతకాపు
నేను మినహాయింపులకు పూర్తిగా వ్యతిరేకం. న్యూయార్క్‌లో టీకా లేని బాస్కెట్‌బాల్ ఆటగాడు కైరీ అర్వింగ్ తన జట్టు సొంత మైదానంలో ఆడరాదన్నారు, కాని టీకా లేని ఎదుటి జట్టువాడు అక్కడే ఆడవచ్చునట! 2022 మార్చిలో ప్రేక్షకులకు నిబంధన ఎత్తివేశాక, అర్వింగ్ తన జట్టు ఆటనే కోర్టు పక్కన కూర్చుని చూశాడు. 24న మేయర్ ఆటగాళ్లకూ కళాకారులకూ సడలించారు. ప్రైవేటు కొలువుల్లోని తక్కినవారికి మాత్రం ఆ నిబంధన అలాగే ఉండిపోయింది. పేరున్నవారికొక దారి, క్యూలో నిలబడేవారికొక దారి. తిరుపతి వాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

అలిపిరి_కోచ్
అందరికీ ధన్యవాదాలు. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో టీకా లేనివారికి 21 రోజుల క్వారంటైన్ పెట్టారు. పైకి ఎంపిక ఇచ్చినట్టే ఉన్నా, పోటీకి ముందు మూడు వారాలు గదిలో కూర్చున్నవాడికి ఫామ్ ఎక్కడ మిగులుతుంది? 2021 ఆస్ట్రేలియన్ ఓపెన్‌కు ముందు, విమానాల్లో పాజిటివ్ కేసులు రావడంతో 72 మంది ఆటగాళ్లు రెండు వారాలు గది దాటలేదు. తక్కినవారికి రోజుకు ఐదు గంటలు బయటికి వచ్చే వీలు ఇచ్చారు. రోజూ నెగెటివ్ వచ్చేవారందరికీ, టీకా ఉన్నా లేకున్నా, ఆ ఐదు గంటలు విడిగా సాధనకు ఇవ్వాలని నేను పిల్లలతో అనబోతున్నాను. వకీలు గారి కొలబద్దకు ఇది నిలుస్తుందా?