‘జూలియస్ సీజర్’ చదువుతూ లాటిన్ ధాతువులు నేర్చుకోవడం సాధ్యమేనా?

ప్రశ్న:

నమస్కారం. ఆంగ్ల పదసంపద పెంచుకోవాలని లాటిన్ ధాతువుల పట్టికను కంఠస్థం చేస్తున్నాను గాని, ఈ వారం చదివినది పై వారానికి గుర్తుండడం లేదు. పట్టిక పక్కన పెట్టి షేక్స్పియర్ ‘జూలియస్ సీజర్’ నాటకం చదువుతూ, అందులోని పదాలనే విడదీసి చూసుకోమని ఒక మిత్రుడు సలహా ఇచ్చారు. 1599 నాటి ఆంగ్లం నేటి రచనకు ఏ మేరకు ఉపకరిస్తుంది? ఎదురైన ప్రతి పదాన్నీ విడదీయాలా? అనుభవం ఉన్నవారు దయచేసి తెలుపగలరు.

సమాధానం 1:

మీ మిత్రుని సలహా మంచిదేనండి. ఈ నాటకంలో కథను నడిపే మాటలు అనేకం లాటిన్ నుంచి వచ్చినవే. మూడవ అంకం రెండవ రంగంలో, హత్యకు గురైన సీజర్ శవం ఎదుట అతని మిత్రుడు ఆంటొనీ చేసే ప్రసంగమే చూడండి. సీజర్ ‘యాంబిషస్’ అని హంతకుల్లో ఒకడైన బ్రూటస్ అన్నాడంటూ అతడు పదే పదే గుర్తుచేసి, చివరికి ఆ మాటకే విలువ లేకుండా చేస్తాడు. అందులో ‘అంబి’ అంటే చుట్టూ, ‘ఇరే’ అంటే వెళ్ళడం. రోములో పదవి ఆశించినవారు ఓట్ల కోసం జనం చుట్టూ తిరగడాన్ని తెలిపిన మాట క్రమంగా పదవీకాంక్షకే పేరైంది. ఎగ్జిట్, ట్రాన్సిట్, సర్క్యూట్ అనే మాటల్లో ఉన్నదీ ఆ ‘ఇరే’ ధాతువే.

అలాగే ‘కాన్స్పిరసీ’ (కుట్ర)ని విడదీస్తే ‘కలిసి ఊపిరి తీయడం’ అని వస్తుంది. రెండవ అంకం మొదటి రంగంలో కుట్రదారులు అర్ధరాత్రి టోపీలు చెవుల మీదికి లాక్కొని, సగం ముఖాలు కప్పుకొని బ్రూటస్ ఇంటికి వస్తారు. బ్రూటస్, కుట్రకు మరో నాయకుడైన కాసియస్ పక్కకు వెళ్ళి గుసగుసలాడతారు. ఆ దృశ్యం మనసులో నిలిస్తే ‘స్పిరారే’ ధాతువును వేరుగా వల్లె వేయనక్కరలేదు; ఇన్‌స్పైర్, ఎక్స్‌పైర్, రెస్పిరేషన్ దాని వెంటే వస్తాయి. ఆహారం, విహారం, సంహారం, పరిహారం అంటూ ఉపసర్గ మారితే అర్థం మారడం మనకు బడిలోనే పరిచయం కనుక ఈ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు.

సమాధానం 2:

పై సమాధానంతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేయదలచాను. ధాతువు పదం పుట్టుకను చెబుతుందే గాని నేటి వాడుకను చెప్పదు. ‘మీ వివేకంతో నన్ను సెన్షర్ చేయండి’ అని బ్రూటస్ జనాన్ని కోరినప్పుడు ఆ మాటకు తీర్పు చెప్పమని అర్థం. నేడు అది తీవ్రంగా తప్పుపట్టడం. జబ్బుతోనే వచ్చి కుట్రలో చేరిన లిగేరియస్ తన ‘మార్టిఫైడ్’ ప్రాణాన్ని బ్రూటస్ మళ్ళీ లేపాడంటాడు. అక్కడ మృత్యువును తెలిపే లాటిన్ మాట అర్థం స్పష్టంగానే వినిపిస్తుంది, కానీ ఇవాళ ఆ పదాన్ని సిగ్గుతో కుంచించుకుపోయినవారికే వాడతాం. కనుక నాటకంలోని అర్థమొకటి, నేటి అర్థమొకటి విడివిడిగా రాసుకోవడం తప్పనిసరి. ఇంకొకటి: బరువుగా కనిపించే ప్రతి మాటా లాటిన్ కాదు. షేక్స్పియర్ మరో నాటకం ‘మాక్బెత్’లో వచ్చే ‘అసాసినేషన్’ (హత్య) మూలం అరబ్బీ. నిఘంటువు చూడకుండా ఊహతో విడదీయడం నా దృష్టిలో పట్టిక బట్టీపట్టడం కన్నా ప్రమాదం.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఏ పదాన్ని విడదీయాలో, దేన్ని వదలాలో ఎలా నిర్ణయించుకోవాలి?

సమాధానం 1:

రంగానికి ఐదారు పదాలు చాలు. ఆ ధాతువు నుంచి నేడు వాడుకలో ఉన్న మరో రెండు మూడు మాటలు వస్తేనే విడదీయండి. బ్రూటస్ స్వగతంలోని ‘ఇన్సరెక్షన్’ (తిరుగుబాటు) అలాంటిది. పైకి లేవడమనే అర్థం గల ‘సర్గెరె’ నుంచే సర్జ్, రిసరెక్షన్, సోర్స్ కూడా వచ్చాయి. ఆ స్వగతంలోనే ఉన్న ‘ఇంటెరిమ్’ (మధ్యకాలం) లాటిన్ మాట యథాతథంగా దిగినది; దాని అర్థం రాసుకొని ముందుకు సాగిపోవచ్చు.