అప్‌డేట్: రెండు పేజీలకే తలనొప్పి, కారణం దొరికింది

టెన్త్ సెలవుల్లో కథల పుస్తకం పట్టుకుంటే రెండు పేజీలకే తలనొప్పి వస్తోంది, ఏకాగ్రత పోయిందేమో అని టెన్షన్ పడుతూ ఏప్రిల్‌లో ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. ముందు కళ్లు చూపించుకోమన్న అక్కకి మరీ మరీ.

కంటి డాక్టర్ సిలిండర్ పవర్ (కళ్లద్దాలతో సరిచేసే ఒక రకం చూపు లోపం) ఉందన్నారు. కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) వంపు అన్ని వైపులా సమానంగా లేకపోతే అక్షరాలు అలికినట్టు కనిపిస్తాయట. నిజమే, నాకు ఒత్తులు కింది వరుస తలకట్లతో కలిసిపోయేవి.

ఏకాగ్రత కోసం ఫోన్ దాచడం, టైమర్ పెట్టుకోవడం నా విషయంలో పనిచేయలేదు. కొత్త కళ్లద్దాలతో మూడు రోజులు నేల ఏటవాలుగా అనిపించింది, తర్వాత సర్దుకుంది.

నిన్న అమ్మమ్మ డాబా మీద మామిడి తాండ్ర ఆరబెడుతుంటే, నీడలో కూర్చుని 60 పేజీలు ఏకబిగిన చదివేశాను!