ఫోన్‌లో అన్నీ ఉండగా అంత లావు వంటల పుస్తకం కొనాలా?

కొత్తకాపు:

అందరికీ నమస్కారం. వంట నా చేతికొచ్చి కొంతకాలమే అయింది. ఇప్పటిదాకా బండి ఫోన్ మీదే నడుస్తోంది. వీడియో పెట్టడం, పిండి చేత్తో ఆపడం, మళ్లీ వెనక్కి జరపడం. తినేవాళ్లు తింటున్నారు, గొడవ లేదు.

మొన్న పుస్తకాల షాపులో ఒక సమగ్ర వంటల పుస్తకం చేతిలోకి తీసుకుని చూశాను. దాదాపు వెయ్యి పేజీలు. గుడ్డు ఉడకబెట్టడంతో మొదలై సూపులు, మాంసం, గింజలు, బ్రెడ్డు, కేకులు, నిల్వ చేసుకునే పద్ధతుల దాకా పోతుంది. బొమ్మలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చదువుతుంటే బాగానే ఉంది కానీ, అందులో సగానికి పైగా వంటలు నేను ఈ జన్మలో చేయను. ధర కూడా తక్కువేం కాదు.

అయినా మనసు అటే లాగుతోంది. ఎందుకంటే ఫోన్‌తో నాకు రెండు చిక్కులొచ్చాయి. ఒకే కేకుకి మూడు వీడియోలు చూస్తే మూడు కొలతలు. ఎవరి మాట పట్టుకోవాలో తెలీదు. రెండోది, "ఉల్లిపాయలు ముదురు గోధుమరంగు వచ్చేదాకా ఐదు నిమిషాలు వేయించండి" అంటారు. ఐదు నిమిషాలకి నా ఉల్లిపాయలు సరిగ్గా మెత్తబడవు కూడా. లోపం నా స్టవ్వుదా, నాదా?

ఇలాంటి పుస్తకం ఇంట్లో ఉన్నవాళ్లు చెప్పండి. నిజంగా తీసి చూస్తారా, లేక అలమరలో అలంకారమేనా?

రాత్రిడ్యూటీ:

కొనకండి.

నాకు డ్యూటీ దిగేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఆ టైములో ఫ్రిజ్‌లో ఉన్న రెండు మూడు వస్తువుల పేర్లు కొడితే ఏదో ఒకటి దొరుకుతుంది, పొట్ట నిండుతుంది. వెయ్యి పేజీలు తిరగేసే ఓపిక ఎవరికుంది? పైగా పిండి ఎంత మెత్తగా కలపాలో, తెల్లసొన గిలక్కొట్టేటప్పుడు ఎక్కడ ఆపాలో ఎంత వర్ణించి రాసినా బుర్రకెక్కదు. కళ్లతో ఒకసారి చూస్తే తెలిసిపోతుంది. కింద కామెంట్లు కూడా ఉంటాయి. ఉప్పు ఎక్కువైందని పదిమంది మొత్తుకుంటుంటే మనం తగ్గించుకుంటాం. పుస్తకంలో ఆ వసతి ఏదీ?

అచ్చుతప్పు:

పిండి గురించి రాత్రిడ్యూటీ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. చేతిపని చూసి నేర్చుకోవాల్సిందే. మిగతా దాంతో నేను ఏకీభవించను.

నేను ఒక ప్రచురణ సంస్థలో చాలా ఏళ్లు ప్రూఫులు దిద్దాను. వంటల పుస్తకం ఏదొచ్చినా మావాళ్లు నా బల్ల మీదే పడేసేవారు, నాకు తిండి యావ ఎక్కువని. అక్కడ పట్టుబడే తప్పులు దాదాపు ఒకే తీరుగా ఉండేవి. వస్తువుల పట్టికలో నిమ్మరసం ఉంటుంది, తయారీలో దాని ఊసే ఉండదు. "మిగిలిన పాలు పోయాలి" అని ఉంటుంది, మొదటి విడత ఎప్పుడు పోశామో ఉండదు. ఓవెన్ ముందుగా వేడిచేసి పెట్టుకోమంటారు, ఎంత వేడికో చెప్పరు. రాసినవాళ్లకి వంట రాక కాదు. చేయి తిరిగినవాళ్లకి ఆ ఖాళీలు కనపడవు, వాళ్ల చెయ్యే దానంతటది పూడ్చేసుకుంటుంది. కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే బోర్లా పడతారు. లావుపాటి పుస్తకానికి మీరిచ్చే డబ్బు, నా లెక్కలో, వంటలకి కాదు. ఆ ఖాళీల్ని వెతికి పూడ్చిన మనుషులకి.

ఇక మీ మూడు వీడియోల మూడు కొలతలు. కప్పు మైదా అంటే ఎంత? కప్పుని డబ్బాలో ముంచి తీస్తే 150 గ్రాముల దాకా తూగుతుంది. చెంచాతో వదులుగా నింపి పైన గీస్తే 120 దగ్గర ఆగుతుంది. మూడు కప్పుల కేకు అయితే తేడా 90 గ్రాములు. కేకు ఎండిపోయి గట్టిపడటానికి అంత చాలు. పోనీ కప్పయినా అంతటా ఒకటేనా? అమెరికాలో సుమారు 237 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 250. పెద్ద చెంచా చాలాచోట్ల 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో మాత్రం 20. ఉప్పు మరీ ఘోరం. మెత్తటి ఉప్పు చిన్న చెంచాడు 6 గ్రాములుంటే, రేకుల్లా ఉండే ఉప్పు అదే చెంచాలో సగమే తూగొచ్చు. కాబట్టి ఆ ముగ్గురూ తప్పు చెప్పి ఉండకపోవచ్చు. ఎవరి కప్పు వాళ్లది. పుస్తకంలో అయితే మొదట్లోనే "మా కప్పు ఇంత, మేం నింపేది ఇలా" అని మాట ఇచ్చి, చివరి పేజీ దాకా ఆ మాట మీదే నిలబడతారు. నిలబడని పుస్తకం ఎంత లావున్నా దండగే.

ఈ పద్ధతి ఊరికే రాలేదు లెండి. ఒకప్పుడు చాలా పుస్తకాల్లో వంట అంటే ఒక పేరా, అందులో "తగినంత" వేసి "ఉడికేదాకా" ఉడికించమనడం. 1845లో ఇంగ్లండులో ఎలైజా ఆక్టన్ తన పుస్తకంలో వంట వివరం అయ్యాక చివర్లో ఏ వస్తువు ఎంత, ఎంతసేపు పడుతుంది అన్నది విడిగా వేసింది. 1896లో బోస్టన్‌లో ఫానీ ఫార్మర్ ఇంకో అడుగు ముందుకేసి, కప్పయినా చెంచా అయినా పైన కత్తితో గీసి సమంగా కొలవాల్సిందేనంది. నాకైతే ఈ ఇద్దరికీ రుణపడి ఉన్నాననిపిస్తుంది. "తగినంత" అన్న మాటని నేను ప్రూఫుల్లో ఎర్రసిరాతో ఎన్నిసార్లు చుట్టానో!

మీ ఉల్లిపాయల్లోనూ స్టవ్వులోనూ ఏ దోషమూ లేదు. ఉల్లిపాయ బరువులో దాదాపు తొంభై శాతం నీరే. ఆ నీరు పోయేదాకా ముక్కల వేడి 100 డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది. రంగు చురుగ్గా తిరగాలంటే 140 డిగ్రీల దాకా వెళ్లాలి. మెత్తబడటానికే పది నిమిషాలు. సన్నమంట మీద మాడకుండా ముదురు గోధుమరంగు రావాలంటే ముప్పావు గంట పట్టినా ఆశ్చర్యపోకండి. వీడియోలో ఆ ముప్పావు గంటని కత్తిరించేస్తారు, మీకు కనిపించేది మొదలూ చివరా. అచ్చు పుస్తకాల్లో కూడా ఈ ఐదు నిమిషాల కథ చెప్పేవి లేకపోలేదు. వంటని నిజంగా చేసి చూశాక అచ్చు వేశారా లేదా అన్నది అక్కడే బయటపడుతుంది.

సగం వంటలు చేయనన్నారు. చేయకండి, నేనూ చేయలేదు. నేను తెరిచేది ఒక్కో అధ్యాయం మొదట్లో చిన్న అక్షరాలతో ఉండే పేజీలు. రాజ్మా గింజల్నే తీసుకోండి. పచ్చి గింజల్లో ఫైటోహీమాగ్లూటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. సరిగ్గా ఉడకనివి కొద్దిగా తిన్నా కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలు. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లుతుండగా ఉడికించాలి. పది నిమిషాల గట్టి మరుగుకి అది విరుగుతుంది, అయినా అమెరికా ఆహార ఔషధ సంస్థ అరగంట ఉడికించమంటోంది. మరిగే వేడి అందకుండా మెల్లగా ఉడికితే పచ్చివాటికంటే ఇంకా ప్రమాదం. ఇది మీరు వెతుక్కునే సంగతి కాదు. వెతకాలని కూడా తట్టదు. రుచి కోసం పేజీ తెరిస్తే పక్కనే కనిపిస్తుంది. ఫోన్ అడిగినదానికి జవాబు చెబుతుంది, అడగాల్సింది ఏమిటో చెప్పదు.

పిండికొలత:

అచ్చుతప్పు గారి మాటకి అడ్డు రావడం కాదు గానీ, ముందు ఎలక్ట్రానిక్ తూకం ఒకటి కొనుక్కోండి. పుస్తకం తర్వాత. గ్రాములు ఇవ్వకుండా కప్పులే ఇచ్చే పుస్తకం బేకింగ్‌కి పనికిరాదని నా గట్టి అభిప్రాయం.

నేను బ్రెడ్డు చేస్తాను. మాకు పిండి ఎప్పుడూ 100 కింద లెక్క. నీళ్లు 60 నుంచి 75, ఉప్పు 2. ఇది తెలిస్తే ఎవరి రెసిపీ అయినా చూసీచూడగానే పట్టేయొచ్చు. అర కిలో పిండికి 30 గ్రాముల ఉప్పు అని ఎక్కడైనా కనిపిస్తే అది 10 అయ్యుండాలి, టైపు చేసినవాళ్లు జారారు. వంటసోడా, బేకింగ్ పౌడర్ కూడా అంతే. సోడాకి తోడుగా పుల్లటిది ఏదైనా ఉండాలి, పెరుగో నిమ్మరసమో. పౌడర్‌లో ఆ పులుపు ముందే కలిసి ఉంటుంది, అందుకే దాని బలం సోడాలో మూడోవంతు. ఒకటి లేకపోతే రెండోది అదే కొలతలో వేసేవాళ్లున్నారు, తర్వాత సబ్బు రుచి వచ్చిందని ఏడుపు. ఈ రెండు పేజీలు బాగా రాసిన పుస్తకం దొరికితే దానికోసమే కొనొచ్చు.

ఒక హెచ్చరిక. చవగ్గా వస్తోంది కదాని బాగా పాత ముద్రణ పట్టుకొస్తే, సీసాల్లో నిల్వచేసే అధ్యాయాన్ని మాత్రం నమ్మకండి. పులుపు తక్కువున్నవి, అంటే పీహెచ్ 4.6కి పైన ఉన్నవి, మూతబిగించి గది వేడిలో దాచాలంటే మామూలు మరుగు చాలదు. ప్రెషర్‌లో 121 డిగ్రీల దరిదాపుల్లోకి వెళ్లాలి, లేకపోతే బోటులిజం భయం, అంటే ప్రాణం మీదికి తెచ్చే విషాహార జబ్బు. పాత పుస్తకాల్లో ఊరికే నీళ్లలో మరిగించి దాచేయమన్న సలహాలు ఉంటాయి. నూనెలో పచ్చి వెల్లుల్లి వేసి బయట పెట్టడం కూడా ఆ కోవలోదే.

కొత్తకాపు:

ఉల్లిపాయల విషయంలో నేను నిర్దోషినని తేలింది, సంతోషం. తూకం ఆర్డర్ పెట్టేశాను.

షాపులో నిలబడి పది నిమిషాల్లో పుస్తకం మంచిదో కాదో తేల్చుకోవడం ఎలా? ఈ-బుక్ అయితే బరువు గొడవ ఉండదు కదా, అది సరిపోతుందా?

అచ్చుతప్పు:

ముందు వెనక్కి తిప్పండి. చివర ఉండే అకారాది సూచిక చూడండి. బంగాళాదుంప దగ్గర వంటల పేర్లు మాత్రమే కాకుండా, ఎంచుకోవడం, నిల్వ, మొలకలు వస్తే ఏం చేయాలి అని కూడా ఉంటే దాన్ని శ్రద్ధగా చేసిన పుస్తకం అనుకోవచ్చు. రాత్రిడ్యూటీ గారి అర్ధరాత్రి ఫ్రిజ్‌కి జవాబు ఈ సూచికే. సూచిక లేని వెయ్యి పేజీల పుస్తకాన్ని అక్కడే పెట్టేసి రండి.

తర్వాత గుడ్ల అధ్యాయం. తాజా గుడ్డుకి పెంకు సరిగ్గా ఊడదని చాలామంది రాస్తారు. ఎందుకో రాశారా? గుడ్డు పాతబడే కొద్దీ కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి తెల్లసొనలో క్షారం పెరుగుతుంది, అప్పుడు లోపలి పొరని అంతగా అంటుకోదు. మరిగే నీళ్లలో వేస్తే కొత్త గుడ్డుకీ పెంకు తేలిగ్గా వస్తుంది. ఈ రెండు వాక్యాలు ఉన్న పుస్తకం మిగతాచోట్ల కూడా ఊరికే వదిలేయదు.

మాంసం దగ్గర, "పెద్దమంట మీద పైపైన వేయిస్తే రసం లోపలే బందీ అవుతుంది" అని కనపడితే అనుమానించండి. 19వ శతాబ్దంలో లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త ప్రచారంలో పెట్టిన మాట అది. వేయించిన ముక్కనీ వేయించనిదాన్నీ తూచి చూస్తే నిలబడలేదు. వేయించేది రంగు కోసం, రుచి కోసం. ముక్క మీద తడి ఉంటే ఆ రంగు రాదు, అందుకే గుడ్డతో అద్ది వేయమంటారు. అద్దమని రాశారా లేదా చూడండి.

చివరగా మీకు బాగా వచ్చిన వంట ఒకటి తెరిచి, పట్టికలో వస్తువు ఒక్కొక్కటీ తయారీలో ఎక్కడుందో వేలు పెట్టి చూడండి. ఒకటి తప్పిపోయినా కొనకండి. ఇది నా పాత వృత్తిరోగం, కానీ పనిచేస్తుంది.

ఈ-బుక్‌లో "గుడ్డు" అని వెతికితే ఆ మాట ఉన్న ప్రతి చోటా వస్తుంది. దాన్ని జల్లెడ పట్టడం మీ పని. సూచిక ఆ పని ముందే చేసి పెడుతుంది. సూచికలో పేజీ నంబర్లు నొక్కితే అక్కడికి తీసుకెళ్లే ఈ-బుక్ అయితే సరే. కాగితం అయితే కుట్టు బైండింగ్ తీసుకోండి, బల్ల మీద పరిస్తే మూసుకుపోదు. కొనేముందు గ్రంథాలయంలో దొరికితే తెచ్చి, ఒక వారం వంటగదిలో ఉంచుకోండి. ఎన్నిసార్లు చెయ్యి అటు వెళ్లిందో మీకే తెలుస్తుంది.

రాత్రిడ్యూటీ:

నేను కొనను. అది తేలిపోయింది. కానీ ఆ రాజ్మా ముక్క దగ్గర ఆగిపోయాను. డ్యూటీకి వెళ్లేముందు గింజలు స్లో కుక్కర్‌లో వేసి వెళ్తాను నేను, తక్కువ వేడిలో గంటల తరబడి ఉడుకుతాయి. ఇప్పుడు అవి నానుతున్నాయి. ఏం చేయమంటారు?

అచ్చుతప్పు:

నానిన నీళ్లు పారబోయండి. మామూలు గిన్నెలో కొత్త నీళ్లు పోసి, స్టవ్వు మీద గట్టిగా తెర్లుతుండగా అరగంట ఉడికించండి, మధ్యమధ్యలో కలుపుతూ. ఆ తర్వాత స్లో కుక్కర్‌లో వేసుకుని నిశ్చింతగా డ్యూటీకి వెళ్లండి.