ఇమేజ్ మార్కర్‌ని తెలుగులో ఏమనాలి? చిహ్నమా, గుర్తా, ఉత్త బొమ్మా?

అందరికీ నమస్కారం. స్క్రీన్ మీద జరుపుకుంటూ జూమ్ చేసుకుంటూ చూసే డేటా ప్లాట్ల (గ్రాఫుల) గురించి తెలుగులో పాఠం రాస్తున్నా. అందులో ఒక చాప్టర్, ప్రతి పాయింట్ దగ్గరా మామూలు చుక్క బదులు మనకి కావాల్సిన బొమ్మ పెట్టడం. పక్షుల లెక్కలయితే ఆ పక్షి బొమ్మ, జట్ల లెక్కలయితే ఆ జట్టు లోగో, అలా. ఇంగ్లీషులో కస్టమ్ ఇమేజ్ మార్కర్ అంటున్నారు కదా, నేను "చిత్ర చిహ్నం" అని రాశా. చదివిన స్నేహితుడు ఇదేదో పరీక్ష పేపర్లో మాటలా ఉందన్నాడు. మీరైతే ఏం రాస్తారు?

జవాబు:
చిహ్నం వద్దండీ. చిహ్నం అంటే దాని అర్థం దాంట్లోనే ఉంటుంది, శాంతికి పావురం అన్నామంటే ఆ పావురాన్ని ఎక్కడ పెట్టినా అదే అర్థం. గుర్తు అలా కాదు, దానికో చోటు కావాలి. దారిలో గుర్తు పెట్టుకున్నాం, పేజీలో గుర్తు పెట్టుకున్నాం అంటాం, "ఇదిగో ఇక్కడ" అని చెప్పడమే దాని పని, ప్లాట్‌లో మార్కర్ చేసేదీ అదే. అందుకే నా ఓటు "బొమ్మ గుర్తు"కి.

ఇంకో మాట, పాఠంలో బిందువు, గుర్తు, బొమ్మ ఈ మూడింటినీ మొదట్లోనే విడదీసి చెప్పండి. బిందువంటే డేటాలో ఉన్న జత విలువలు, కంటికి కనపడదు. గుర్తంటే దాని చోట తెర మీద గీసేది. బొమ్మంటే ఆ గుర్తు కోసం వాడే పీఎన్‌జీయో ఎస్‌వీజీయో, ఒక ఫైలు. "చుక్క" అన్నామంటే మొదటి రెండూ కలిసిపోతాయి కాబట్టి ఆ మాటని గుండ్రటి ఆకారానికి మాత్రమే ఉంచుకుంటే మంచిది.

ఇంగ్లీషులో మాత్రం ఒక్క పేరు ఉందా అంటే లేదు. ప్లాట్లు గీసే లైబ్రరీల్లోనే చూడండి, బోకేలో ఇది గ్లిఫ్, ఈచార్ట్స్‌లోనూ హైచార్ట్స్‌లోనూ సింబల్, వేగా-లైట్‌లో మార్క్, చార్ట్ జేఎస్‌లో పాయింట్ స్టైల్, మ్యాపుల లైబ్రరీ లీఫ్‌లెట్‌లో ఐకాన్. పని దాదాపు ఒకటే, పేర్లు ఇన్ని. కాబట్టి ఏ ఒక్కదాన్నో పట్టుకుని అనువాదం చేసే బదులు అది చేసే పనిని బట్టి పేరు పెట్టుకోవచ్చు మనం.

జవాబు:
బొమ్మ గుర్తు బావుంది, కానీ ప్లాట్లీ అనే లైబ్రరీ సంగతేంటండీ? అందులో బొమ్మ పెట్టాలంటే లేఅవుట్ ఇమేజ్ అని వేరే ఉంది, దాన్నీ గుర్తనే అనాలా?

జవాబు:
మంచి ప్రశ్న, అక్కడే ఈ మాట పనికొస్తుంది. ప్లాట్లీలో లేఅవుట్ ఇమేజ్ డేటాకి కట్టుబడి ఉండదు, ఎక్స్ వై విలువలిస్తే అక్కడికెళ్ళి కూర్చుంటుంది, అంతే. దాని మీదకి మౌస్ తీసుకెళ్తే దాని తరఫున ఏ వివరమూ రాదు. అందుకని అందరూ చేసేదేంటంటే అదే చోట్లలో స్కాటర్ పాయింట్లు కూడా గీసి వాటి ఒపాసిటీ సున్నా చేస్తారు, అంటే కంటికి కనపడకుండా చేస్తారు, అప్పుడు కనపడేది బొమ్మ, పలికేది కింద దాక్కున్న పాయింటు. నా లెక్కలో అక్కడ గుర్తు అంటే ఆ కనపడని పాయింటే, పైనున్నది ఉత్త బొమ్మ. తాకితే పలికేదాన్నే గుర్తు అందాం. ఇలా రాస్తే "లోగోలు వచ్చాయి గానీ హోవర్ (మౌస్ పెడితే వచ్చే వివరం) రావట్లేదు" అని అడిగేవాళ్ళకి కారణం ఆ మాటలోనే దొరుకుతుంది.

జవాబు:
మరి యాంకర్‌కి? నేను ఒకచోట లంగరు అని చూశాను.

జవాబు:
లంగరు ఓడ కొట్టుకుపోకుండా వేసేది కదా, ఇక్కడ కొట్టుకుపోయేది ఏదీ లేదు. అడిగేదల్లా బొమ్మలో ఏ భాగం బిందువు మీద ఆనాలి అని. "ఆనే చోటు" అని మామూలుగా రాసేయండి, చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది.

దీని మీద పాఠంలో కాస్త ఎక్కువ చోటివ్వమని నా మనవి. బోకేలో ఇమేజ్ యూఆర్ఎల్ వాడితే మనం ఏమీ చెప్పకపోతే బొమ్మ ఎడమ పైమూల బిందువు మీద ఆనుతుంది, ప్లాట్లీలోనూ అంతే. అంటే బొమ్మ మొత్తం కుడికీ కిందకీ జారి కూర్చుంటుంది, చూసేవాళ్ళు విలువ తప్పుగా చదువుతారు. డీ3 అనే ఇంకో లైబ్రరీలో ఎస్‌వీజీ ఇమేజ్ పెట్టినా ఎక్స్ వై ఎడమ పైమూలవే, వెడల్పులో సగం ఎత్తులో సగం తీసేసుకోవాలి. లీఫ్‌లెట్‌లో ఐకాన్ సైజు ఇస్తే మధ్యభాగం ఆనుతుంది, అది లోగోకి సరిపోతుంది గానీ కింద మొన ఉన్న పిన్ను బొమ్మకి సరిపోదు, దానికి మొనే ఆనాలి. లేకపోతే బాగా దగ్గరికి జూమ్ చేసినప్పుడు తేడా తెలీదు, జూమ్ తగ్గించే కొద్దీ పిన్ను అసలు చోటు వదిలేసి ఎక్కడో దూరంగా చూపిస్తుంది, ఎందుకంటే తెర మీద ఎడం అన్ని పిక్సెల్సే అయినా మ్యాపు మీద దూరం పెరిగిపోతుంది.

జవాబు:
సైజు గురించి కూడా ఒక మాట. "తెర కొలత", "అక్షం కొలత" అని రెండు పేర్లు పెట్టుకుంటే బావుంటుంది. తెర కొలత అంటే పిక్సెల్స్‌లో, జూమ్ చేసినా బొమ్మ అంతే ఉంటుంది. అక్షం కొలత అంటే అక్షం మీది విలువల్లో, జూమ్ చేస్తే బొమ్మ కూడా పెరుగుతుంది. బోకే రెండూ ఇస్తుంది. ప్లాట్లీలో బొమ్మని అక్షాలకి కడితే అక్షం కొలతే, దగ్గరికెళ్తే ఒక్క లోగోనే తెర నిండా కనిపిస్తుంది.

బొమ్మ సైజుతో విలువ చూపిద్దాం అనుకుంటే మాత్రం జాగ్రత్త. వెడల్పూ ఎత్తూ రెండింతలు చేస్తే వైశాల్యం నాలుగింతలవుతుంది, కన్ను ఆ వైశాల్యాన్నే చూస్తుంది. 1920లలో వియన్నాలో ఒట్టో నాయ్‌రాత్ బృందం, తర్వాత ఐసోటైప్ అని పేరొచ్చిన పద్ధతిలో, అందుకే ఎక్కువ సంఖ్యకి పెద్ద బొమ్మ కాకుండా అదే బొమ్మని ఎక్కువసార్లు వేసేవాళ్ళు.

ప్రశ్న అడిగినాయన:
చాలా థాంక్సండీ అందరికీ. బొమ్మ గుర్తు, ఆనే చోటు, తెర కొలత, అక్షం కొలత, ఇవే వాడేస్తున్నా. ఆఖరుగా ఒక్కటి, బొమ్మ చుట్టూ కనపడని ఖాళీ ఉంటుంది కదా, పారదర్శక అంచు అందామా?

జవాబు:
"ఖాళీ అంచు" చాలు. పారదర్శకం అంటే అవతలిది కనిపిస్తుందని చెప్పినట్టే గానీ అక్కడ బొమ్మ లేదని చెప్పినట్టు కాదు. పేరు ఏదైనా ఫైల్లో ఆ అంచుని ముందే కత్తిరించమని మాత్రం రాయండి, ఒకవైపు ఎక్కువ ఖాళీ ఉంటే మీరు మధ్యలో ఆనించినా పక్షి పక్కకే కనిపిస్తుంది.