4,29,49,67,297కు 641 కారణాంకమని ఆయిలర్ ఎలా పట్టుకున్నాడు?

ప్రశ్న:
ఇంటర్ చదువుతున్న మా అమ్మాయికి ప్రధాన సంఖ్యల గురించి చెబుతూ 4,29,49,67,297 దగ్గర ఆగిపోయాను. ఇది 2³² + 1. 2కు వరుసగా 1, 2, 4, 8, 16 ఘాతాలు వేసి ఒకటి కలిపితే వచ్చే 3, 5, 17, 257, 65,537 అన్నీ ప్రధాన సంఖ్యలే కావడంతో, ఈ వరుసలో తరువాత వచ్చేవీ అంతేనని ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దీన్ని 641 నిశ్శేషంగా భాగిస్తుందని చూపాడు. 641కి లోపల 115 ప్రధాన సంఖ్యలున్నాయి. ఆయన వాటన్నిటితోనూ భాగించుకుంటూ వచ్చాడా, లేక దగ్గర దారి ఏదైనా ఉందా?

సమాధానం 1:
అంత శ్రమ అక్కర్లేదండీ. ఈ సంఖ్యను ‘ప’ అనే ప్రధాన సంఖ్య భాగిస్తుందనుకోండి. అప్పుడు 2³²ను ‘ప’తో భాగిస్తే శేషం –1 (అంటే ‘ప’ గుణిజం కంటే ఒకటి తక్కువ) అవుతుంది, వర్గం చేస్తే 2⁶⁴కు శేషం 1 అవుతుంది. 2 ఘాతాలలో శేషం మొదటిసారి 1 అయ్యేది సరిగ్గా 64 దగ్గరే, ఎందుకంటే అంతకుముందే 1 వచ్చి ఉంటే ఆ ఘాతాంకం 64ను భాగించాలి, అలాంటప్పుడు 32 దగ్గర కూడా 1 వచ్చేది, కానీ అక్కడ –1 ఉంది. మరోవైపు, ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం 2కు (ప – 1) ఘాతం వేసినా శేషం 1 వస్తుంది. కనుక (ప – 1)ను 64 భాగించి తీరాలి. ఆయిలర్ తరువాత రాసిన ఒక వ్యాసంలో ఈ నియమాన్నే నిరూపించాడు. 64 గుణిజం కంటే ఒకటి ఎక్కువగా ఉండే ప్రధాన సంఖ్యలు 641 వరకు అయిదే: 193, 257, 449, 577, 641. ఫెర్మా ఊహ తప్పని తేల్చడానికి ఫెర్మా సిద్ధాంతమే దారి చూపడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

సమాధానం 2:
అసలు భాగహారమే లేకుండా 641ను సరిచూడవచ్చు. 641 = 5 × 2⁷ + 1; అదే 641 = 5⁴ + 2⁴ కూడా. మొదటి రూపం వల్ల 5 × 2⁷కు శేషం –1, కాబట్టి దాని నాలుగో ఘాతమైన 5⁴ × 2²⁸కు శేషం 1. రెండో రూపం వల్ల 5⁴ స్థానంలో –2⁴ పెట్టవచ్చు. అప్పుడు –2³²కు శేషం 1 అవుతుంది, అంటే 2³² + 1కు శేషం సున్నా. మిగిలిన కారణాంకం 67,00,417 కూడా ప్రధాన సంఖ్యే.

మరొక సంగతి: ఈ సంఖ్య 65,536² + 1² అని చూడగానే తెలుస్తుంది, కానీ ఇది 62,264² + 20,449² కూడా. ప్రధాన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రాయగలిగితే ఒకే విధంగా రాయగలం కనుక, కారణాంకం ఒక్కటీ తెలియకపోయినా ఇది సంయుక్త సంఖ్య అని ఇంతటితోనే తేలిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి మా అమ్మాయీ నేనూ కాగితం మీద అయిదు భాగహారాలూ చేశాము. శేషాలు వరుసగా 109, 2, 325, 288, 0 వచ్చాయి. 257 దగ్గర మాత్రం తను భాగించనే లేదు: 2⁸కు శేషం –1 కనుక 2³²కు 1, ఒకటి కలిపితే 2 అని నోటితోనే చెప్పేసింది.