మెనోపాజ్ దాటాక జ్ఞాపకశక్తి మాత్రలు వాడాలా, వద్దా?

కొర్లగుంట అక్క, తిరుపతి:
నాకు 54. నెలసరి ఆగి మూడేళ్లయింది. ఈ మధ్య తెలిసినవాళ్ల పేర్లు కూడా చప్పున నోటికి రావడం లేదు. గ్యాస్ కట్టేశానో లేదో అని మళ్లీ వంటింట్లోకి వెళ్లి చూసుకుంటున్నాను. మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ జింకో (ఒక చెట్టు ఆకుల సారం), ఒమేగా-3 (చేప నూనెల్లో ఉండే కొవ్వు), సోయా సారం కలిపిన మాత్రల డబ్బా అమ్ముతోంది. నెలకి రెండు వేల పైమాటే. ఈస్ట్రోజన్ అనే ఆడవాళ్ల హార్మోన్ తగ్గాక మెదడు దెబ్బతింటుందట, ఇప్పుడే మొదలుపెట్టకపోతే అల్జీమర్స్ ఖాయమట. మా అమ్మ చివరి రోజుల్లో "ఎవరమ్మా నువ్వు?" అని నన్నే అడిగింది. అందుకే ఆ మాట వినగానే టెన్షన్ పట్టుకుంది. వాడుతున్నవాళ్లు, వద్దనేవాళ్లు ఇద్దరూ చెప్పండి.

చిత్తూరు టీచరమ్మ:
వాడమనే నేనంటాను. రిటైరయ్యాక మల్టీవిటమిన్ మొదలుపెట్టాను, మానలేదు. అమెరికాలో కాస్మోస్ అనే పెద్ద పరిశోధన జరిగింది. 65 దాటిన ఆడవాళ్లు, 60 దాటిన మగవాళ్లలో కొందరికి రోజుకో మల్టీవిటమిన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చారు. 2022 నుంచి 2024 దాకా వచ్చిన ఫలితాల్లో మల్టీవిటమిన్ వాడినవాళ్ల జ్ఞాపకశక్తి కొంచెం మెరుగ్గా తేలింది. అసలు మన ఆడవాళ్లు తినేదేముంది? అందరికీ వడ్డించాక మిగిలిన చారన్నం. దానికి తోడు శనివారాలు, ఏకాదశులు. మతిమరుపని డాక్టరు దగ్గరికి వెళితే "వయసమ్మా" అని ఒక్క మాటతో పంపేస్తారు. మన జాగ్రత్త మనం చూసుకోవద్దా?

మందుల షాపు చెల్లి, తిరుపతి:
టీచర్ గారూ, ఆ పరిశోధన నిజమే. కానీ అక్క అడిగిన డబ్బాలో ఉన్నది మల్టీవిటమిన్ కాదు. ఆ మూడింటి సంగతీ వేరువేరుగా చూడాలి.

జింకో మీద అమెరికాలోనే 75 ఏళ్లు, ఆ పైబడిన మూడు వేల మందికి పైగా పరీక్షించారు. రోజుకి రెండుసార్లు 120 మిల్లీగ్రాములు, దాదాపు ఆరేళ్లు. డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి తీవ్రమైన మతిమరుపు జబ్బులు) తగ్గలేదని 2008లో ప్రకటించారు. ఒమేగా-3, విటమిన్ డి కలిపి చూసిన వైటల్ పరిశోధనలోనూ జ్ఞాపకశక్తి క్షీణించడం ఆగలేదు.

మేము కౌంటర్ దగ్గర రోజూ చూసే ఇబ్బంది ఇంకోటి ఉంది. గుండె కోసం ఆస్పిరిన్ గానీ, రక్తం పలచబడే మందులు గానీ వాడుతున్న పెద్దవాళ్లు ఇంట్లో చెప్పకుండా జింకో కలిపేసుకుంటారు. రక్తస్రావం ప్రమాదం పెరగొచ్చు. డబ్బా వెనకాల సన్నటి అక్షరాల్లో "వైద్య అవసరాలకు కాదు" అని ఉంటుంది, చూడండి. దానికి ఉండేది ఫుడ్ లైసెన్సు, మందుల లైసెన్సు కాదు. అల్జీమర్స్ ఆపుతుందని చెప్పి అమ్మే హక్కు ఆవిడకి లేదు. తల్లిని అలా పోగొట్టుకున్న మనిషికి ఆ భయం చూపించి అమ్మడం నాకు కోపం తెప్పిస్తోంది.

టీచరమ్మ:
75 ఏళ్లకి మొదలుపెడితే పనిచేయకపోవచ్చు. మెనోపాజ్ అయిన వెంటనే, యాభైల్లో మొదలుపెడితే ఫలితం వేరుగా ఉండదని ఎవరు చెప్పారు?

మందుల షాపు చెల్లి:
మంచి ప్రశ్న. దానికి కొంత జవాబు ఉంది. మెనోపాజ్ దాటిన 350 మంది ఆరోగ్యవంతులైన మహిళలకి కాలిఫోర్నియాలో రెండున్నరేళ్లు సోయా ఇచ్చి చూశారు, 2012లో ఫలితం వచ్చింది. వాళ్లలో యాభైల్లో ఉన్నవాళ్లూ ఉన్నారు. మొత్తం మీద తెలివితేటల్లో తేడా కనపడలేదు.

ఇక మెదడు దెబ్బతింటుందన్న మాట. అమెరికాలో మధ్యవయసు ఆడవాళ్లని ఏళ్ల తరబడి గమనించిన స్వాన్ అధ్యయనంలో, నెలసరి ఆగబోయే సమయంలో కొత్త విషయాలు నేర్చుకునే శక్తి మందగించి, ఆ దశ దాటాక మళ్లీ కోలుకుంది. మధ్యమధ్యలో పేర్లు మర్చిపోవడం అల్జీమర్స్‌కి మొదటి మెట్టు అనుకోనక్కర్లేదు. నిద్ర సరిగ్గా పడుతోందా, ఒళ్లు వేడెక్కి రాత్రిళ్లు మెలకువ వస్తోందా అక్కా? నిద్ర చాలకపోతేనే సగం మతిమరుపు.

చంద్రగిరి తమ్ముడు:
హార్మోన్ మాత్రలు వాడితే మెదడుకి మంచిదంటారు కదా, నిజమా?

మందుల షాపు చెల్లి:
65 దాటాక ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిపి వాడినవాళ్లలో డిమెన్షియా దాదాపు రెట్టింపు కనిపించిందని 2003లో తేలింది. యాభైల్లో వేడి ఆవిర్లకి డాక్టరు రాసేది వేరే సంగతి. జ్ఞాపకశక్తి కోసమని మాత్రం సొంతంగా మొదలుపెట్టకూడదు.

చంద్రగిరి తమ్ముడు:
మా అమ్మకి మతిమరుపు వస్తే మేమూ ఏదో లేహ్యం తెచ్చిపెట్టాం. తర్వాత రక్తపరీక్షలో బి12 విటమిన్ బాగా తక్కువని తేలింది. శుద్ధ శాకాహారం, పైగా షుగర్‌కి ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ మాత్రలు, వాటివల్ల కూడా బి12 తగ్గొచ్చట. ఇంజెక్షన్లు వేశాక మనిషి తేరుకుంది. డబ్బాలకి పెట్టే డబ్బు ముందు పరీక్షలకి పెట్టండి.

టీచరమ్మ:
నేను మొదటి నుంచీ చెప్తున్నది అదే, మన తిండిలో లోటుంది! రాగిసంకటిలో కాల్షియం ఉంది, బి12 లేదు. పాలు, పెరుగు, గుడ్డు తక్కువ తినే ఆడవాళ్లందరికీ యాభై దాటగానే బి12 మాత్రలు ఇవ్వాల్సిందే. పరీక్షకి రెండు మూడు బస్సులు మారి తిరుపతికి రాలేని పల్లెటూరి ఆడవాళ్ల సంగతి ఎవరు ఆలోచిస్తారు?

మందుల షాపు చెల్లి:
ఆ మాటకి నా దగ్గర ఎదురులేదు టీచర్ గారూ. లోటు ఉన్నవాళ్లకి బి12 ఇవ్వాలి, అది చవక కూడా. లోటు లేనివాళ్లకి నెలకి రెండు వేల డబ్బా అంటగట్టడం మీదే నా గొడవ. ఆ డబ్బుతో బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ అదుపులో పెట్టుకోవచ్చు, చెవుడుంటే మిషన్ పెట్టించుకోవచ్చు. డిమెన్షియాకి మనం తగ్గించుకోగల కారణాల్లో ఇవన్నీ ఉన్నాయని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ చెప్పింది.

కొర్లగుంట అక్క:
రాత్రి నిద్ర పట్టడం లేదన్నది నిజమే చెల్లీ. నేను కూడా మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను, ఇన్నాళ్లూ ఎవరూ ఆ మాట చెప్పలేదు. డబ్బా వద్దని ఆవిడకి చెప్పేస్తాను. పరీక్ష చేయించుకునే లోపు టీచర్ గారు చెప్పినట్టు బి12 మాత్రలు మొదలుపెట్టనా?

మందుల షాపు చెల్లి:
వద్దక్కా, ముందు రక్తం ఇవ్వండి. మాత్రలు వేసుకుని వెళితే రిపోర్టులో బి12 బాగానే కనిపించి అసలు లోటు బయటపడదు. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే కూడా వేసుకోవద్దు, రక్తహీనత తగ్గినట్టు కనిపించినా నరాల దెబ్బ లోపల అలాగే సాగుతుంది. బి12తో పాటు థైరాయిడ్, హిమోగ్లోబిన్ కూడా చూడమనండి. మెట్‌ఫార్మిన్ మాత్రం డాక్టరుని అడగకుండా మానొద్దు.