ఇంగ్లీషు కథలో అమ్మ, నాన్న, కన్నా: క్యాపిటల్ అక్షరం ఎప్పుడు?

గోదావరిగట్టు:
నమస్కారం. ఒక తెలుగు కుటుంబం చుట్టూ తిరిగే కథలను ఇంగ్లీషులో రాస్తూ, అమ్మ, నాన్న, పిన్ని, బాబాయి అనే వరుసలను అనువదించకుండా రోమన్ లిపిలో అలాగే ఉంచాను. మన లిపిలో పెద్ద, చిన్న అక్షరాల భేదమే లేదు కనుక వీటి మొదటి అక్షరాన్ని ఎప్పుడు క్యాపిటల్‌గా రాయాలో తేలడం లేదు. కన్నా, బంగారం వంటి ముద్దు పిలుపులకూ అదే నియమం వర్తిస్తుందా?

అచ్చుతప్పు:
ఇంగ్లీషు రచనా నియమాల పుస్తకం షికాగో మాన్యువల్ ఆఫ్ స్టైల్ ప్రకారం, వరుస మాట పేరుకు బదులుగా నిలిచినా, పేరుకు ముందు చేరినా క్యాపిటల్ రావాలి; దాని ముందు మై, హర్ వంటి మాట ఉంటే చిన్న అక్షరం చాలు. ఆ చోట మనిషి పేరు పెట్టి చదివి చూడండి. 'అమ్మ వంటింట్లో ఉంది' అనే వాక్యంలో సీత అని పెట్టినా అర్థం నిలుస్తుంది కనుక క్యాపిటల్. 'మై సీత' అతకదు కనుక 'మై అమ్మ'లో చిన్న అక్షరం. హనీ, డియర్ వంటి ముద్దు పిలుపులు వాక్యం మొదట్లో తప్ప చిన్న అక్షరాలతోనే ఉంటాయి. కన్నా, బంగారం ఆ కోవలోవే. ఊరంతా ఒకణ్ణి బుజ్జి అనే పిలుస్తుంటే మాత్రం అది పేరే.

పెరటిచెట్టు:
నియమం సరే కాని, మన వరుసల దగ్గర అసలు చిక్కు వేరే ఉంది. కొడుక్కి అన్నం పెడుతూ తల్లి 'తిను నాన్నా' అంటుంది; కూతురిని తండ్రి 'ఇలా రా అమ్మా' అంటాడు. మనకు సందర్భమే చాలు, కాని ఇంగ్లీషు పాఠకుడు ఆ తల్లి తన తండ్రితో మాట్లాడుతోందనుకుంటాడు. అందుచేత తండ్రి అయిన నాన్నకు క్యాపిటల్, బిడ్డను లాలించే నాన్నకు చిన్న అక్షరం తప్పకుండా పాటిస్తే, ఫుట్‌నోట్ అక్కర లేకుండానే తేడా తెలుస్తుంది. పిలుపు వాక్యం మొదట వస్తే ఈ భేదం చెరిగిపోతుంది కాబట్టి, అలాంటి చోట్ల దాన్ని చివరికి జరపడం మేలు.

గోదావరిగట్టు:
ఇది నాకు తట్టని విషయం, ధన్యవాదాలు. మరి రమేశ్ బాబాయి అన్నప్పుడు వరుస పేరు తర్వాత వస్తుంది కదా? ఆటో డ్రైవరును 'అన్నా' అని పిలిస్తే ఎలా?

అచ్చుతప్పు:
రమేశ్ బాబాయిలో రెండు మాటలూ కలిసి ఒకే పేరుగా పనిచేస్తున్నాయి కనుక రెండింటికీ క్యాపిటల్ పెట్టండి. ఆటో డ్రైవరును పిలిచే 'అన్నా' ఇంగ్లీషులో సర్ వంటి మర్యాద పిలుపే, కాబట్టి చిన్న అక్షరం. సొంత అన్నను పిలిస్తే క్యాపిటల్.

పెరటిచెట్టు:
'మై అమ్మ' విషయంలో మాత్రం నేను విభేదిస్తాను. ఇంగ్లీషులో కథలు రాసే మనవాళ్లలో కొందరు అమ్మను పేరుగానే భావించి అక్కడ కూడా క్యాపిటల్ ఉంచుతారు, నాకూ అదే ఇష్టం. మీరూ ఆ దారినే ఎంచుకుంటే పుస్తకమంతా అలాగే పాటించి, ఆ సంగతి మీరు పాటించిన రాత నియమాల జాబితా, అంటే స్టైల్ షీట్‌లో రాసి ఎడిటరుకు ముందే పంపండి. లేకపోతే ఆయన ప్రతి పేజీలోనూ దిద్ది పంపుతారు.